పదిమంది డాక్టరుగారు

మా గొంతు డాక్టరుగారికి ఒక్కటే పిచ్చి. ఏ సంగతి చెప్పాలన్నా ఆయనకి పదిమంది మనుషులు కావాలి. వినడానికి కాదు, నిలబడడానికి.

"డాక్టరుగారూ, ఈ ఆపరేషన్ చేయించుకుంటే నాకు నయమవుతుందా?" అని ఎవరైనా అడిగారనుకోండి. మామూలు డాక్టరైతే "తప్పకుండా" అంటాడు, లేదా "మన చేతుల్లో ఏముంది" అని ఫ్యాను వైపు చూస్తాడు. ఈయన రెండూ చెయ్యరు. కుర్చీలోంచి లేచి, తలుపు తీసి, వరండాలోకి తల పెట్టి "ఎవరక్కడ! పదిమంది రండి!" అని కేకేస్తారు. వచ్చినవాళ్ళని గోడవారగా వరసలో నిలబెడతారు. పేషెంటుని ఎదురుగా తెచ్చి, "వీళ్ళందరికీ నీలాంటి గొంతే ఉందనుకో. అందరికీ నేనే ఆపరేషన్ చేశాననుకో. ఇప్పుడు చూడు" అని ఒక్కొక్కరికీ వేలు చూపించి "నువ్వు కూర్చో, నువ్వూ కూర్చో" అంటారు. కూర్చున్నవాళ్ళకి ఆపరేషన్ పనిచెయ్యనట్టు. నిలబడ్డవాళ్ళకి పనిచేసినట్టు. పేషెంటు చూసి లెక్కపెట్టుకుని, చేయించుకోవాలో వద్దో తనే తేల్చుకోవాలి.

అందుకే ఆస్పత్రిలో ఆయనకి పదిమంది డాక్టరని పేరు పడింది. ఆయన అసలు పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

నేను అదే ఆస్పత్రిలో మత్తు డాక్టరుని. ఆయన నన్ను "మత్తమ్మా" అని పిలుస్తారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడను.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా గురకరాయుళ్ళే. ఉత్త గురకే అయితే ఇంట్లోవాళ్ళ ఖర్మ అని ఊరుకోవచ్చు. వీళ్ళకి నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరే ఆగిపోతుంటుంది. ఉక్కిరిబిక్కిరై సగం మెలకువ వస్తుంది, మళ్ళీ కన్ను మూతపడుతుంది, మళ్ళీ ఆగుతుంది. పొద్దున లేచేసరికి పడుకున్నప్పటికంటే అలసటగా ఉంటుంది. ఇక పగలంతా కునికిపాట్లు. దీనికి ముక్కుకి తగిలించుకుని పడుకునే గాలి మాస్కు ఉంది. బాగా పనిచేస్తుంది కూడా. కానీ చాలామందికి దాన్ని చూస్తేనే చిరాకు. "ఆపరేషన్ చేసి పారెయ్యండి సార్" అంటారు, అదేదో గోడలోంచి మేకు పీకినంత సులువైనట్టు.

ఆపరేషన్ చెయ్యొచ్చు. ఎవరికి చేస్తే ఫలిస్తుందో ముందే చెప్పగలగడంలోనే ఉంది విద్యంతా. దాంట్లో మా డాక్టరుగారిని మించినవాణ్ణి నేను చూడలేదు. ముందు నోరు తెరిపించి నాలుక, టాన్సిల్స్ చూస్తారు. తరవాత నేను మందిచ్చి ఆ మనిషిని పట్టపగలే కాసేపు నిద్రపుచ్చుతాను. ఆయన ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి, నిద్రలో గొంతు ఎక్కడ మూసుకుంటోందో చూస్తారు. టాన్సిల్స్ పెద్దవై, పైన అంగిలి దగ్గరే అడ్డం పడుతుంటే ఆయన మొహం విప్పారుతుంది. "మత్తమ్మా, ఎనిమిదిమంది నిలబడతారు!" అంటారు. నాలుక కూడా వెనక్కి జారిపోతుంటే "అయిదుగురు" అని గొణుగుతారు. గొంతు అన్నివైపులనించీ, సంచి మూతి తాడు లాగినట్టు బిగుసుకుపోతే మాత్రం గొట్టం బయటికి తీసేసి, "ఇద్దరు నిలబడడం కూడా కష్టమే" అని కళ్ళద్దాలు తుడుచుకుంటారు. ఆయన లెక్క చూడడానికి ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చేవారు. నేను పక్కనే నిలబడి, అదంతా నా చలవే అన్నట్టు మొహం పెట్టేదాన్ని.

పోనీ ఈ పిచ్చి ఆస్పత్రి గేటు దగ్గర ఆగుతుందా అంటే, ఆగదు. ఒకసారి ఆయన బ్యాంకుకి వెళ్ళారు. మేనేజరు లావుపాటి మెడ చూడగానే ఈయనకి ప్రాణం లేచొచ్చింది.

"మీరు గురక పెడతారు కదూ?"

"మా ఆవిడ చెప్పిందా?" అన్నాడు మేనేజరు బెదిరిపోయి.

"మీ మెడ చెప్పింది."

ఆ మేనేజరు బుద్ధి లేక, "ఆపరేషన్ చేయించుకుంటే పోతుందంటారా?" అని అడిగాడు. ఇంకేముంది, కౌంటర్ ముందు క్యూలో ఉన్న మొదటి పదిమందినీ పక్కకి లాగారు. ఏడుగురిని కూర్చోబెట్టారు. కూర్చున్నవాళ్ళు లేచి చూసేసరికి వెనకవాళ్ళు ముందుకొచ్చేశారు. "నేను ముందున్నాను" అంటే "నువ్వు ఫెయిలయ్యావుగా" అని గొడవ. గార్డు వచ్చి విడదీశాడు. మేనేజరు మాత్రం మర్నాడే మా ఆస్పత్రికొచ్చి, ఆపరేషన్ మాట ఎత్తకుండా బరువు తగ్గే పనిలో పడ్డాడు.

ఇంట్లో ఆయన భార్య పాట్లు మరీ అన్యాయం. "వాన పడేలా ఉందా, బట్టలు ఆరెయ్యొచ్చా అని అడిగానమ్మా," అని ఓసారి నాతో మొరపెట్టుకుంది. "వంటింట్లోంచి పది చెంచాలు పట్టుకొచ్చి బల్లమీద పేర్చాడు. ఆరింటిని నిలబెట్టాలట. నిలబడవు, చెంచాలు కదా. గ్లాసులో నిలబెట్టాడు. ఈలోగా వాన వచ్చి వెళ్ళిపోయింది."

మా డైరెక్టరుగారిదీ ఒక కథ ఉంది. ఆయన ఎవరో పెద్దమనుషులకి ఆస్పత్రి చూపిస్తూ తెల్ల ప్యాంటులో వరండాలోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే మా డాక్టరుగారికి తొమ్మిదిమందే దొరికారు. "మీరు రండి, ఇలా చివర నిలబడండి" అన్నారు. డైరెక్టరుగారు నవ్వుతూ నిలబడ్డారు. "మీకు పనిచెయ్యలేదు, కూర్చోండి" అన్నారు ఈయన. అప్పుడే తడిగుడ్డతో తుడిచిన నేల. డైరెక్టరుగారు పెద్దమనుషుల వైపు చూశారు, నేల వైపు చూశారు, కూర్చున్నారు. ఆ తరవాత ఆయన మా వరండాలోకి అడుగుపెట్టే ముందు ఎవరినైనా పంపించి చూసి రమ్మనేవారు.

ఇలా ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టినా, కొందరు మాత్రం ఆ వరసలో ఖాయం. క్యాంటీన్ మేనేజరు, అకౌంట్స్ ఆఫీసరు, లిఫ్టు నడిపేవాడు, మందుల షాపావిడ. ఎంత పనిలో ఉన్నా ఆయన కేక వినగానే వచ్చేసేవాళ్ళు. విచిత్రమేమంటే, "నువ్వు కూర్చో" అనే వేలు ఎప్పుడూ ముందు వాళ్ళవైపే తిరిగేది. పేషెంటు ఎవరైనా, లెక్క ఎంతైనా, ఆ నలుగురూ మొదట కూర్చోవాల్సిందే.

"కాఫీ పొంగిపోతోంది సార్," అనేవాడు క్యాంటీన్ మేనేజరు.

"పొంగనీవయ్యా. ముందు కూర్చో."

"ఇవాళైనా నన్ను నిలబెట్టకూడదా?" అనేది అకౌంట్స్ ఆఫీసరు, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

"నీకంత అదృష్టం లేదమ్మా. కూర్చో."

నేనైతే ఏనాడూ కూర్చోలేదు. ఇద్దరే నిలబడాల్సిన రోజున కూడా ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. నా గొంతు నిర్మాణం అంత గొప్పదని ఆయన కనిపెట్టేశారని లోలోపల మురిసిపోయేదాన్ని. మా ఇంట్లో కూడా ఒకటి రెండుసార్లు చెప్పుకున్నాను. మా ఆయన వింత జంతువుని చూసినట్టు చూశాడు. ఆ నలుగురిమీదా డాక్టరుగారికి ఏదో పాత పగ ఉందని కూడా నాకు గట్టి అనుమానం. బహుశా కాఫీ నచ్చలేదేమో అనుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో సిటీ బస్సు డ్రైవరు ఒకతను వచ్చాడు. వెంట భార్య, బావమరిది. డ్యూటీ లేకపోయినా యూనిఫారం ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో బండికి గీత పడనివ్వలేదు సార్," అన్నాడు. "మొన్న సిగ్నల్ దగ్గర ఆపాను. పచ్చలైటు పడిందట. నాకు తెలీదు. స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోతున్నానట. ప్రయాణికులు లేపారు."

"ఒకళ్ళో ఇద్దరో కాదు సార్, బస్సు బస్సంతా లేపింది," అన్నాడు బావమరిది.

"నువ్వూరుకోరా," అంది భార్య.

డిపోవాళ్ళు అతన్ని స్టీరింగ్ మీదనించి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఊపిరి ఆగడం అదుపులోకి వచ్చిందని డాక్టరు రిపోర్టు తెస్తేనే మళ్ళీ బస్సు ఇస్తారు. లేకపోతే రిటైరయ్యేదాకా గేటే.

"నేను నడిపిన బండి వస్తుంటే నేనే లేచి గేటు తీస్తున్నాను సార్," అన్నాడు. అంత పొడుగు మనిషి, ఆ మాట అనేటప్పుడు తల వంచుకుని టోపీ అంచు తడుముకున్నాడు.

"మాస్కు పెట్టుకోలేదా?"

"పెట్టుకున్నాను సార్. ఎవడో దిండుతో మొహం అదిమినట్టుంది. ఒక్క రాత్రి కూడా ఉంచుకోలేకపోయాను."

"పీకి విసిరికొట్టారు డాక్టరుగారూ. బీరువా అద్దం పగిలింది," అంది భార్య.

అతన్ని నిద్రపుచ్చాను. డాక్టరుగారు గొట్టం దింపి చాలాసేపు చూశారు. అంగిలి మూసుకుంటోంది. నాలుక కూడా వెనక్కి జారుతోంది. "అయిదుగురు, మత్తమ్మా," అన్నారు. మర్నాడు వరండాలో వరస కట్టాం. నలుగురు పాతకాపులూ కూర్చున్నారు. అయిదోవాడుగా ఒక వార్డు నర్సు కూర్చున్నాడు. మిగతావాళ్ళం నిలబడ్డాం.

డ్రైవరు మమ్మల్ని ఒక్కొక్కరినీ, బండి తీసేముందు టైర్లు చూసుకున్నట్టు, ఆ చివరనించి ఈ చివరిదాకా చూశాడు. "వీళ్ళలో నేనెవర్ని సార్?" అన్నాడు.

"అదొక్కటే నాకు తెలీదు నాయనా. అయిదుగురని చెప్పగలను. ఏ అయిదుగురో చెప్పలేను. చెప్తాననేవాడు ఎవడైనా కనిపిస్తే వాడి దగ్గర ఆపరేషన్ చేయించుకోకు."

"అంటే బొమ్మా బొరుసే అన్నమాట," అన్నాడు బావమరిది.

"బొరుసు పడితే ఏం చెయ్యాలో కూడా నా దగ్గర ఉంది. ఆ సంగతి ఆ రోజు వస్తే చెప్తాను," అన్నారు డాక్టరుగారు.

డ్రైవరు చేయించుకుంటానన్నాడు. ఆపరేషన్ చక్కగా జరిగింది. గొంతు మానేదాకా పాపం మంచినీళ్ళు మింగాలన్నా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి భార్య మిఠాయి పెట్టెతో దిగింది.

"గురక పోయింది డాక్టరుగారూ! గదంతా నిశ్శబ్దం. నాకే భయమేసి, ఉన్నారా లేరా అని తట్టి లేపాను."

డాక్టరుగారు పెట్టె ముట్టుకోలేదు. "చప్పుడు పోయిందమ్మా. ఊపిరి సంగతి పరీక్ష చేస్తేగానీ తెలీదు," అని డ్రైవరు వైపు తిరిగారు. "ఇంజను చప్పుడు తగ్గిందని బ్రేకులు బాగున్నాయంటావా?"

"అనను సార్."

"మరి పరీక్ష అయ్యాకే మిఠాయి."

ఆవిడ మొహం మాడ్చుకుని పెట్టె నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. పరీక్షకీ నాకూ ఏం సంబంధం?

మూడు నెలలు ఆగి నిద్ర పరీక్ష చేశారు. ఆపరేషన్‌కి ముందు గంటకి నలభై పైచిలుకు సార్లు ఊపిరి ఆగేది. ఇప్పుడు పాతిక సార్లు ఆగుతోంది. తగ్గడం తగ్గింది. డిపోవాళ్ళు బస్సిచ్చేంత తగ్గలేదు. డాక్టరుగారు ఆ మాట దాచకుండా, మెల్లగా, కళ్ళలోకి చూస్తూ చెప్పారు.

డ్రైవరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. భార్య అతని భుజం మీద చెయ్యి వేసింది. నోరు మూయని బావమరిది కూడా నోరు మూశాడు.

"నేను కూర్చున్నవాణ్ణన్నమాట సార్," అన్నాడు చివరికి.

అప్పుడు మా డాక్టరుగారు లేచి, తలుపు తీసి, వరండాలోకి తల పెట్టి, "పదిమంది రండి!" అని కేకేశారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక మనిషి బతుకు గేటు దగ్గర ఆగిపోతుంటే ఈయనకి ఇంకా లెక్కలేనా! "సార్, ఇవాళ కూడానా?" అన్నాను, పళ్ళు కొరుకుతూ.

"మీరు వరసలోకి రాకండి మత్తమ్మా. ఇవాళ మీతో పనిలేదు," అన్నారు.

అంతకంటే అవమానం నాకు ఆ ఆస్పత్రిలో జరగలేదు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. క్యాంటీన్ మేనేజరు వచ్చాడు. అకౌంట్స్ ఆఫీసరు, లిఫ్టతను, మందుల షాపావిడ వచ్చారు. వాళ్ళ వెనకే నేనెన్నడూ చూడనివాళ్ళు ఇంకొందరు. మెడలో టేపు వేలాడుతున్న టైలరు, చేతులకి సుద్ద అంటిన టీచరమ్మ, ఇలా. పొద్దున రిపోర్టు రాగానే డాక్టరుగారు ఫోన్లు చేసి పిలిపించారట. ఎవరూ వేలు చూపించలేదు. వాళ్ళంతట వాళ్ళే గోడవారగా బుద్ధిగా కూర్చున్నారు. పదిమందీ.

"రా బాబూ, ఇలా కూర్చో," అని క్యాంటీన్ మేనేజరు జరిగి డ్రైవరుకి చోటిచ్చాడు. "నా గొంతు కోసింది ఈయనే. ఈ మత్తమ్మగారు రాకముందు సంగతి. నాకూ పనిచెయ్యలేదు."

"నాకూ అంతే," అంది అకౌంట్స్ ఆఫీసరు.

"నాకు రెండుసార్లు చేశారు. రెండుసార్లూ పనిచెయ్యలేదు," అన్నాడు లిఫ్టతను, కాస్త గొప్పగానే.

"అదేం గొప్ప? నాకు ఆపరేషన్ తరవాత ఊపిరి ఆగడం గంటకి ఒకటి పెరిగింది," అంది టీచరమ్మ.

డ్రైవరు తల తిప్పి తిప్పి చూస్తున్నాడు. "మరి మీరంతా... పనులు చేసుకుంటున్నారు కదా?"

"చెయ్యక? నువ్వు మాస్కుని రాత్రి పెట్టుకున్నావు, అదే నువ్వు చేసిన పొరపాటు," అంది అకౌంట్స్ ఆఫీసరు. "పగలు టీవీ చూస్తూ పెట్టుకోవాలి. ముందు ఊరికే మొహానికి ఆనించుకో. తరవాత గాలి వదులు. మొహానికి అలవాటయ్యాక రాత్రి సంగతి చూద్దువుగాని. నేను మూడు సీరియళ్ళు పూర్తిగా మాస్కులోనే చూశాను."

టైలరు అప్పటికే టేపు తీసి డ్రైవరు తల చుట్టుకొలత చూస్తున్నాడు. "పట్టీలు బిగించేసుంటావు. అందుకే ఊపిరాడనట్టుంది. లోపల మెత్తటి గుడ్డ కుట్టిస్తాను, ఆగు."

"ఇంకొక మాట," అన్నారు డాక్టరుగారు. "ఆపరేషన్ ఊరికే పోలేదు నాయనా. ఇదివరకు నీ గొంతు తెరిచి ఉంచాలంటే మాస్కులోంచి గాలి గట్టిగా కొట్టాల్సి వచ్చేది. ఇప్పుడు అంత అక్కర్లేదు. తక్కువ గాలి సరిపోతుంది. దిండుతో అదిమినట్టుండదు. బొరుసు పడితే చెప్తానన్న సంగతి ఇదే."

అప్పుడే లిఫ్టు గంట మోగడం మొదలుపెట్టింది. క్యాంటీన్ వైపునించి పొంగిన కాఫీ వాసన వచ్చింది. "ఇంక లేవండి, ఎవరి పనులు వాళ్ళకున్నాయి," అన్నారు డాక్టరుగారు. పదిమందీ లేచి బట్టలు దులుపుకున్నారు. వాళ్ళతోపాటు డ్రైవరూ లేచాడు.

"లెక్కపెట్టు. ఎంతమంది నిలబడ్డారు?"

డ్రైవరు లెక్కపెట్టలేదు. "అందరూ సార్," అన్నాడు. చెబుతూ చెబుతూ నవ్వేశాడు.

వాళ్ళు వెళ్ళాక నేను ఆయన గదిలోకి దూసుకెళ్ళాను. "ఇన్నేళ్ళు పక్కన నిలబెట్టుకున్నారు. నాకొక్క ముక్క చెప్పకూడదా?"

"వాళ్ళ జబ్బు వాళ్ళది మత్తమ్మా. నేనెలా చెప్తాను?" అన్నారు. "కెమెరా లేని రోజుల్లో గొంతు పైపైన చూసి కోసేవాణ్ణి. నా లెక్క తప్పింది. వాళ్ళు నన్ను తిట్టాల్సింది పోయి, 'మాలాంటివాళ్ళు వస్తే మమ్మల్ని పిలవండి' అన్నారు. దారిన పోయేవాణ్ణి కూర్చోబెడితే వాడు బిక్కమొహం వేస్తాడు. చూసేవాడికి భయమేస్తుంది. వీళ్ళు కూర్చుంటే ఎలా ఉంటుందో చూశారుగా. కాఫీ గురించి గొణుగుతారు. కూర్చోవడం అంత భయంకరమేమీ కాదని పేషెంటుకి తెలియకుండానే తెలుస్తుంది."

నా గొంతు నిర్మాణం గొప్పదని మురిసిపోయిన సంగతి ఆయనకి చెప్పకుండా మింగేశాను. ఇలాంటి మనిషి పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డానని నాకు ఇప్పటికీ గర్వమే. ఎవరడిగినా చెప్తాను, అడక్కపోయినా చెప్తాను.

డ్రైవరు రెండు సీరియళ్ళతోనే మాస్కుకి అలవాటు పడ్డాడు. మళ్ళీ పరీక్ష చేస్తే మాస్కు పెట్టుకున్నప్పుడు ఊపిరి ఆగడం దాదాపు లేనే లేదు. డిపో అతని బస్సు అతనికి తిరిగిచ్చింది. భార్య మళ్ళీ మిఠాయి తెచ్చింది. ఈసారి డాక్టరుగారు పెట్టె నాకివ్వకుండా దాచుకున్నారు.

ఇప్పుడు సెలవురోజు వస్తే చాలు, డ్రైవరు మా వరండాలో తయారు. యూనిఫారం ఇస్త్రీ నలగకుండా జాగ్రత్తగా, అందరికంటే ముందు కూర్చుంటాడు. మొదటి చోటు తనదని క్యాంటీన్ మేనేజరుకీ అతనికీ ప్రతిసారీ తగువు.

మొన్న వరస కట్టినప్పుడు నేనూ ఆశపడ్డాను. "సార్, నాకు మోకాళ్ళ నొప్పులు. ఒక్కసారి నన్నూ వాళ్ళ పక్కన కూర్చోనివ్వండి," అన్నాను.

ఆయన కళ్ళద్దాల పైనించి చూశారు. "కుదరదు మత్తమ్మా. అక్కడ కూర్చోవాలంటే అర్హత ఉండాలి. మీరు నిలబడండి."

నిలబడ్డాను.